రంగం రూపాయి నుంచి క్రెడిట్ కార్డు వరకు: బర్మామైన్స్ పేరు చెప్పే చరిత్ర

ఊళ్ళ పేర్లు సాధారణంగా అక్కడ జరిగినదానికి గుర్తుగా మిగులుతాయి. జరగవలసి ఉండి జరగక ఆగిపోయినదానికి గుర్తుగా నిలిచిన పేర్లు అరుదు. జంషెడ్‌పూర్ నగరంలో టాటానగర్ రైల్వే స్టేషనుకు సమీపాన ఉన్న బర్మామైన్స్ అటువంటి పేర్లలో ఒకటి. అక్కడ గనులు లేవు. బర్మా దేశం ఆ చేరువలోనూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి బర్మాలోని ఉత్తర షాన్ రాష్ట్రాలలో బాడ్విన్ గనులను నడుపుతున్న బర్మా కార్పొరేషన్ అనే సంస్థ, ఆ గనులలో లభించే జింకు ఖనిజాన్ని సముద్రం దాటించి తెచ్చి జంషెడ్‌పూర్‌లో కరిగించాలని సంకల్పించింది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ గనుల ఇంజనీరుగా ఉన్న రోజులలో ఆ గనుల అభివృద్ధితో సంబంధం పెట్టుకున్నవాడే. కర్మాగారం పథకం ఫలించలేదు. సంస్థ పేరు మాత్రం స్థలాన్ని అంటిపెట్టుకొని నిలిచిపోయింది.

జంషెడ్‌పూర్‌కు బర్మాతో ఉన్న బంధం ఇదొక్కటే కాదు. నగరంలోని గోల్మురి ప్రాంతంలో 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ బర్మా ఆయిల్ కంపెనీ, టాటా సంస్థ కలిసి నెలకొల్పినది. కిరసనాయిలు నింపే డబ్బాలకు కావలసిన తగరపు పూత రేకు అక్కడ తయారయింది. ఒక వైపు ఖనిజం, మరొక వైపు చమురు: ఈ రెండింటి మూలంగా బర్మా ఆర్థిక వ్యవస్థ నీడ జంషెడ్‌పూర్ మీద పడింది. ఆనాడు రెండు ప్రాంతాలకూ ప్రభుత్వం ఒకటే, నాణెం ఒకటే కాబట్టి ఈ వ్యవహారాలలో విదేశీ మారకం అనే ప్రశ్న తలెత్తలేదు.

బర్మామైన్స్‌లోనూ, జంషెడ్‌పూర్‌లోని ఇతర పేటలలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. వారిలో అధికుల మూలాలు నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలోని పల్లెలలో ఉన్నాయి. సరిగ్గా అవే పల్లెలు ఒకప్పుడు బర్మాకు కూడా లక్షలాది కూలీలను పంపాయి. పొట్ట చేతపట్టుకొని బయలుదేరినవారికి ఆనాడు రెండు దారులు ఉండేవి. ఒకటి రైలు దారి, మరొకటి ఓడ దారి. రెండు దారులలోనూ సంపాదించినది రూపాయే. అయితే ఆ రెండు రూపాయల చరిత్ర ఒక్క తీరుగా నడవలేదు. స్వదేశపు డబ్బును పరదేశంలో వాడుకోవడం అంటే ఏమిటో, దాని విలువ దేనిపై ఆధారపడి ఉంటుందో ఆ తేడా తేటతెల్లం చేస్తుంది. విదేశాలలో క్రెడిట్ కార్డులు వాడుతున్న నేటి తరానికి సైతం ఆ పాఠం అవసరమైనదే.

రైలు దారి, ఓడ దారి

టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభమయింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. తూర్పు తీరం వెంట వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ వరకు, అక్కడినుంచి పడమరగా టాటానగర్ వరకు బెంగాల్-నాగపూర్ రైల్వే నడిపిన మార్గాలు ఉత్తరాంధ్ర పల్లెలను ఆ కర్మాగారంతో కలిపాయి. రైలు ఎక్కిన కూలీ తన ఊరి సంతలో చెల్లే నాణేన్నే జీతంగా పుచ్చుకున్నాడు, దానినే ఇంటికి పంపుకున్నాడు.

ఓడ దారి అంతకంటె పాతది. 1826, 1852, 1885 సంవత్సరాలలో సాగిన యుద్ధాల ఫలితంగా బర్మా అంచెలంచెలుగా బ్రిటిష్ వారి వశమయింది. 1886లో భారత సామ్రాజ్యంలో ఒక రాష్ట్రంగా చేరింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి ఓడలు రంగూన్‌కు జనాన్ని చేరవేశాయి. తెలుగు పల్లెలు ఆ నగరాన్ని ‘రంగం’ అని పిలుచుకున్నాయి. ‘రంగం పోయాడు’ అంటే బతుకుతెరువు కోసం సముద్రం దాటాడని అర్థం. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని వ్యవహరించారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నర దాటారు. నాలుగు లక్షల జనాభా గల రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో ఓడలకు సరుకు ఎత్తి దించే పనిలో తెలుగు కూలీలదే ప్రధాన స్థానం.

ఈ కూలీలలో చాలామంది మేస్త్రీల ద్వారా వెళ్ళినవారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు, ఓడ కిరాయి భరించేవాడు, ఆ తరువాత జీతంలో నుంచి విరగకోసుకొనేవాడు. ఆ అప్పు తీరితేగాని కూలీ చేతికి సొంత రూపాయి వచ్చేది కాదు. ఆ విధంగా మిగిల్చిన రూపాయిని ఏ రూపంలో దాచుకోవాలి, ఏ మార్గాన ఇంటికి చేర్చాలి అనేది అతని జీవితంలో అతి ముఖ్యమైన ఆర్థిక నిర్ణయం. చదువురాని కూలీ సైతం ఈ నిర్ణయాన్ని ఎంతో ఆలోచించి తీసుకొనేవాడనడానికి తపాలా శాఖ ద్వారా సాగిన మనియార్డర్ల రాకపోకలే నిదర్శనం.

నోటుకు కూడా ఎల్లలు

ఒకే సామ్రాజ్యం, ఒకే నాణెం అనడంలో ఒక సూక్ష్మం ఉంది. అది వెండి రూపాయికి పూర్తిగా వర్తిస్తుంది, కాగితపు నోటుకు వర్తించదు. వెండి రూపాయి బరువు ఒక తులం. దాని విలువలో అధికభాగం దానిలోని వెండిలోనే ఉండేది. బర్మా రాజు మిండాన్ 1865లో మాండలేలో టంకశాల పెట్టి ముద్రింపించిన నెమలి గుర్తు నాణెం కూడా అదే తూకానికి సరిపోయేటట్లు తయారయింది. అందువల్ల బర్మా వాసులకు వెండి రూపాయి పరాయిదిగా తోచలేదు.

నోటు సంగతి వేరు. 1861 నాటి కాగితపు కరెన్సీ చట్టం దేశాన్ని కొన్ని మండలాలుగా విభజించింది. మొదట కలకత్తా, బొంబాయి, మద్రాసు మండలాలు ఏర్పడ్డాయి. రంగూన్ మండలం 1883లో వచ్చింది. ఒక మండలంలో జారీ అయిన నోటుకు ఆ మండలంలో మాత్రమే చట్టబద్ధమైన చెల్లుబాటు. అనగా మద్రాసు నోటుతో కాకినాడలో ఓడ ఎక్కిన ప్రయాణికుడు రంగూన్‌లో దిగితే, ఆ నోటును పుచ్చుకొని తీరాలన్న నిర్బంధం అక్కడి వర్తకునికి లేదు. పుచ్చుకుంటే వట్టం కోసుకొని పుచ్చుకొనేవాడు. ఒకే ప్రభుత్వపు నోటు అదే ప్రభుత్వపు మరొక నగరంలో పరదేశి నోటయిందన్నమాట.

ఈ ఎల్లలు క్రమంగా తొలగిపోయాయి. 1903లో ఐదు రూపాయల నోటుకు బర్మా మినహా దేశమంతటా చెల్లుబాటు లభించింది. 1909లో బర్మాకూ విస్తరించింది. 1910లో పది, ఏబది రూపాయల నోట్లకు, 1911లో నూరు రూపాయల నోటుకు అదే హోదా వచ్చింది. ఆనాటి నోట్లపై విలువను దేశభాషలలో ముద్రించేవారు. వాటిలో తెలుగు లిపి, బర్మీ లిపి రెండూ చోటుచేసుకున్నాయి. రంగూన్ రేవులో పనిచేసే తెలుగు కూలీకీ, అతనికి బియ్యం అమ్మే బర్మా వర్తకునికీ ఎవరి అక్షరాలు వారికి కనిపించే నోటు అది. 1911 తరువాతి పాతికేళ్ళు రంగం రూపాయికి సువర్ణయుగమని చెప్పవచ్చు.

ఆ కాలంలో సైతం జాగ్రత్తపరులు డబ్బును వెంట తీసుకొని ప్రయాణం చేయలేదు. 1880లో తపాలా శాఖ చేపట్టిన మనియార్డరు విధానం రంగూన్‌లో కట్టిన మొత్తాన్ని టెక్కలిలోనో చీపురుపల్లిలోనో ఇంటి గడపలో చెల్లించింది. పెద్ద మొత్తాలను వర్తకులు నాటుకోట చెట్టియార్ల హుండీల మీద పంపారు. ఒక చోట సొమ్ము జమ చేసి, నమ్మకమైన సంస్థ మాట మీద మరొక చోట పొందడం ఈ రెండింటి సారాంశం. నేటి కార్డుల విధానానికి మూలసూత్రం కూడా ఇదే.

1937: నోటు మీద ఒక పంక్తి

1935 నాటి రాజ్యాంగ చట్టాన్ని అనుసరించి 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. అంతకు రెండేళ్ళ ముందే ఏర్పడిన భారత రిజర్వు బ్యాంకు బర్మాకు కూడా కేంద్ర బ్యాంకుగా కొనసాగింది. రూపాయి పేరు మారలేదు, రెండు రూపాయల మధ్య విలువలో భేదం రాలేదు. వచ్చిన మార్పల్లా నోటు మీద అచ్చయిన ఒక పంక్తి. బర్మాలో మాత్రమే చట్టబద్ధంగా చెల్లుతుందని తెలిపే ముద్రతో నోట్లు వెలువడ్డాయి. ఆ మరుసటి ఏడు నుంచి బర్మా కోసం ప్రత్యేకంగా తయారైన నోట్లు వచ్చాయి. వాటిని జారీ చేసినది రిజర్వు బ్యాంకే.

రెండు ప్రభుత్వాలూ, రిజర్వు బ్యాంకూ నిలకడగా ఉన్నంతవరకు ఆ పంక్తి వల్ల సామాన్యునికి పెద్ద ఇబ్బంది కలగలేదు. అయినప్పటికీ చరిత్ర దృష్టితో చూస్తే ఆనాడే రైలు దారి రూపాయి, ఓడ దారి రూపాయి వేరు పడిపోయాయి. జంషెడ్‌పూర్ కూలీ మూటలోని నోటు స్వదేశపు నోటుగానే ఉంది. రంగూన్ కూలీ మూటలోని నోటు పరదేశపు నోటయింది. ఆ తేడాను వారిలో ఎందరు గమనించి ఉంటారన్నది సందేహమే.

వాతావరణం అప్పటికే మారసాగింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చినప్పుడు బర్మా కూలీలను పంపివేశారు. దానితో చెలరేగిన అల్లర్లు అనేకమంది ప్రాణాలు బలిగొన్నాయి. 1938లో మళ్ళీ భారతీయులకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగాయి. జీవనోపాధికి అభయం ఇచ్చిన రాజకీయ వ్యవస్థ బీటలు వారుతున్నదనడానికి ఇవి హెచ్చరికలు. ఆ వ్యవస్థే నోటుకు కూడా అభయం ఇస్తున్నదన్న సంగతి మాత్రం అప్పటికి మరుగుననే ఉంది.

1942: మూటలోని కాగితం

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. 1942 మార్చి మొదటి వారం గడిచేసరికి నగరం జపాను సేనల వశమయింది. లక్షలాది భారతీయులు ఇల్లు వాకిళ్ళు విడిచి బయలుదేరారు. ఓడలలో చోటు దొరికినవారు కొందరే. తక్కినవారు అరకాను కనుమల గుండా, తమూ మీదుగా మణిపురానికి, ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ దారిన అస్సాముకు కాలినడకన సాగారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలాదిమంది దారిలోనే కన్నుమూశారు.

వారిలో మూట కట్టుకొని నడిచినవారి దగ్గర ఉన్నది మూడు రకాల సొత్తు. మొదటిది బంగారం, వెండి. అది ఎక్కడయినా చెల్లింది, కాని దారిలో దోపిడికి గురి అయింది. రెండవది బర్మా నోట్లు. సరిహద్దు దాటిన తరువాత అవి బజారులో చెల్లే నోట్లు కావు, బ్యాంకు కార్యాలయంలో మార్చుకోవలసిన కాగితాలు. అక్షరజ్ఞానం లేని కాందిశీకునికి ఆ రెండింటి మధ్య దూరం సామాన్యమైనది కాదు. మూడవది, అంతకు ముందే మనియార్డరు రూపంలో ఇంటికి చేరిపోయిన డబ్బు. చెక్కు చెదరకుండా మిగిలినది అదొక్కటే.

బర్మాలోనే ఉండిపోయినవారి కథ మరొక తీరుగా నడిచింది. జపాను సైన్యం రూపాయల పేరుతోనే తన నోట్లను చలామణిలో పెట్టింది. వాటిపై వరుస సంఖ్యలు లేవు, అక్షర చిహ్నాలు మాత్రమే ఉండేవి. ఎన్ని అచ్చయినాయో లెక్క చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేని నోట్లవి. 1944 ఏప్రిల్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం రంగూన్‌లో తన జాతీయ బ్యాంకును నెలకొల్పి ప్రవాస భారతీయుల విరాళాలను సేకరించింది. 1945లో బ్రిటిష్ సేనలు తిరిగి వచ్చిన తరువాత జపాను నోట్లు చెల్లని కాగితాలయినాయి. ‘రూపాయి’ అన్న పేరు వాటిని కాపాడలేకపోయింది. భారత రిజర్వు బ్యాంకు నోట్ల మీద బర్మా సైనిక పరిపాలన పేరు అదనంగా ముద్రించి అప్పటికి వ్యవహారం నడిపారు. 1947 ఏప్రిల్‌తో బర్మాకు కేంద్ర బ్యాంకుగా రిజర్వు బ్యాంకు పాత్ర ముగిసింది.

స్వతంత్ర బర్మాలో 1952లో రూపాయి స్థానాన్ని అదే విలువతో క్యాట్ ఆక్రమించింది. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. వర్తకాన్ని జాతీయం చేసింది. 1964 మే 17న ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దు చేసింది. ఆ దశాబ్దంలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు స్వదేశానికి తిరిగి వచ్చారు. వెంట తెచ్చుకొనే నగదు, నగల మీద కఠినమైన ఆంక్షలు ఉండడంతో తరాల కష్టార్జితాన్ని అక్కడే వదలివేయవలసి వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అనే పేట ఆ రాకకు నేటికీ గుర్తు. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవారి పునరావాసం కోసం 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడింది. ప్రైవేటు సొత్తు పోయిన చోట ప్రభుత్వాలు సహకార ఆర్థిక సంస్థను నిలబెట్టడం ఈ గాథలో పేర్కొనదగిన అంశం.

బర్మామైన్స్ పేరులోని బర్మాకు, నిజమైన బర్మాకు మధ్య తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. ఒకే పల్లె నుంచి, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటినుంచి ఒకరు ఉత్తరానికి రైలెక్కారు, మరొకరు తూర్పుకు ఓడ ఎక్కారు. కష్టంలో, పొదుపులో వారి మధ్య హెచ్చుతగ్గులు లేవు. ఒకరి రూపాయి వెనుక నిలిచిన ప్రభుత్వం చివరివరకు నిలిచింది. మరొకరి రూపాయి వెనుక ఉన్న ఏర్పాటు మూడుసార్లు కుప్పకూలింది.

గల్ఫు రూపాయి

సముద్రం అవతల భారత రూపాయి చెల్లిన మరొక ప్రాంతం పారశీక సింధుశాఖ తీరం. కువైట్, బహ్రెయిన్, ఖతార్, నేటి ఐక్య అరబ్ ఎమిరేట్లుగా ఏర్పడిన రాజ్యాలు, ఒమన్ దేశాలలో భారత రూపాయి స్వాతంత్ర్యం తరువాత కూడా వాడుకలో ఉంది. అయితే ఆ నోట్లతో బంగారం కొని దొంగతనంగా భారతదేశానికి చేరవేయడం పెరిగింది. ఆ నోట్లు తిరిగి వచ్చినప్పుడు భారత ప్రభుత్వం వాటికి విదేశీ ద్రవ్యం చెల్లించవలసి వచ్చింది. దీనిని అరికట్టడానికి 1959లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, గల్ఫు ప్రాంతానికి వేరే రంగులో ప్రత్యేకమైన నోట్లను జారీ చేశారు. వాటికి భారతదేశంలో చలామణి లేదు. 1937లో బర్మా నోటు మీద అచ్చయిన పంక్తి మరొక రూపంలో పునరావృతమయింది.

1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దీనారును చేపట్టాయి. 1966 జూన్ 6న భారతదేశం రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించింది. ఆ నిర్ణయంలో పాలుపంచుకొనే అవకాశం లేని గల్ఫు రాజ్యాలు తమ ప్రజల పొదుపు ఒక్కరోజులో తరిగిపోవడం చూశాయి. ఖతార్, దుబాయి అదే సంవత్సరం రూపాయిని విడిచిపెట్టాయి. ఒమన్ 1970లో విడిచింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో గల్ఫుకు వెళ్ళే నాటికి అక్కడ రూపాయి లేదు. రంగం కూలీవలె స్వదేశపు నోటు మీద భ్రమ పెంచుకొనే అవకాశం వారికి కలగలేదు. సంపాదన దిర్హములలో, ఖర్చు రూపాయలలో. మధ్యలో మారకం రేటు, పంపే రుసుము ఉంటాయని వారికి మొదటి నెల నుంచే తెలుసు.

కాగితం పోయి కార్డు వచ్చె

మరొక వైపు భారతదేశం విదేశీ ద్రవ్యాన్ని ఎంతో పొదుపుగా వాడవలసిన దశలో ఉంది. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం 1973లో మరింత కఠిన రూపం దాల్చింది. చేతిలో ఎనిమిది డాలర్లతో విమానం దిగామని ఆ దశాబ్దంలో చదువుకై విదేశాలకు వెళ్ళినవారు చెప్పే జ్ఞాపకం సుపరిచితమే. ప్రయాణికునికి ట్రావెలర్స్ చెక్కులే శరణ్యం. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ 1891లో ప్రవేశపెట్టిన ఈ చెక్కు పోయినా సొమ్ము పోదు. జారీ చేసిన సంస్థ మాట నిలబడితే చాలు.

అదే సూత్రంపై 1950లో అమెరికాలో డైనర్స్ క్లబ్ కార్డు పుట్టింది. మన దేశానికి అది 1961లో వచ్చింది. భారతీయ బ్యాంకులలో క్రెడిట్ కార్డును తొలుత చేపట్టిన వాటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. అది 1981లో తన కార్డును ప్రవేశపెట్టింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది. తీరాంధ్ర రేవులలో ఒకటైన బందరులో పుట్టిన బ్యాంకు, నగదు లేని చెల్లింపుకు దేశంలో తొలి మార్గదర్శకులలో ఒకటి కావడం తెలుగువారి ఆర్థిక చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం 1999లో రూపొంది, 2000 జూన్ నుంచి అమలులోకి వచ్చింది. 2004లో ఉదారీకృత చెల్లింపుల పథకం ప్రారంభమయింది. దాని వార్షిక పరిమితి 25 వేల డాలర్లతో మొదలై 2015 నాటికి రెండున్నర లక్షల డాలర్లకు చేరింది. నియంత్రణ స్థానంలో నిర్వహణ వచ్చింది. ప్రయాణికుని జేబులో ఎనిమిది డాలర్ల స్థానంలో కార్డు వచ్చింది.

కార్డు విదేశంలో ఎలా పనిచేస్తుందో గ్రహించడం కష్టం కాదు. దుబాయిలోని దుకాణదారు దిర్హములు కోరుతాడు. కార్డు సంస్థ ఆ మొత్తాన్ని తన మారకం రేటు ప్రకారం లెక్కగట్టి, కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి వసూలు చేస్తుంది. బ్యాంకు తన అదనపు రుసుము చేర్చి రూపాయలలో బిల్లు పంపుతుంది. ఈ రుసుము సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం వరకు ఉంటుంది, దానిపై పన్ను అదనం. ఇంతవరకు విషయం సూటిగానే ఉంది.

చిక్కు మరొక చోట ఉంది. కొన్ని దుకాణాలలో, హోటళ్ళలో, నగదు యంత్రాల వద్ద “మీ దేశపు కరెన్సీలోనే చెల్లిస్తారా?” అన్న ప్రశ్న ఎదురవుతుంది. తెరమీద రూపాయల అంకె కనబడగానే ప్రయాణికునికి సహజంగానే ఊరట కలుగుతుంది. డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అని వ్యవహరించే ఈ విధానంలో మారకం రేటును నిర్ణయించేది దుకాణదారు తరఫు సంస్థ. లెక్క కోసం వెయ్యి దిర్హముల కొనుగోలును తీసుకుందాం. దిర్హముకు 23 రూపాయల రేటు ఉందనుకుందాం. దిర్హములలోనే చెల్లిస్తే 23,000 రూపాయలు, మూడున్నర శాతం రుసుము 805 రూపాయలు, ఆ రుసుముపై పన్ను కలిపినా 24 వేల లోపే. దుకాణం యంత్రం దిర్హముకు 24 రూపాయల 50 పైసల రేటు వేస్తే 24,500 రూపాయలు అవుతుంది. దాని మీద సైతం రుసుము వేసే బ్యాంకులున్నాయి. పరదేశంలో స్వదేశపు అంకె చూసుకొన్న ఊరటకు ప్రయాణికుడు చెల్లించిన వెల అది. మద్రాసు నోటు మీద రంగూన్ వర్తకుడు కోసుకొన్న వట్టానికి, దీనికి స్వభావంలో భేదం లేదు. అందుచేత ఏ దేశంలో ఖర్చు చేస్తే ఆ దేశపు కరెన్సీలోనే చెల్లిస్తానని చెప్పడం సాధారణంగా లాభదాయకం.

మాట నిలిచినంత కాలమే

కార్డు వచ్చినందువల్ల 1942 నాటి ప్రమాదం పూర్తిగా తొలగిపోయిందని భావించడం పొరపాటు. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో తమ సేవలను నిలిపివేశాయి. రష్యా బ్యాంకులు ఇచ్చిన ఆ కార్డులు ఆ దేశపు ఎల్లలు దాటిన తరువాత పనికిరాకుండా పోయాయి. విహారయాత్రకై థాయిలాండ్ వంటి దేశాలకు వెళ్ళినవారు ఖాతాలో సొమ్ము ఉండి కూడా హోటలు బిల్లు కట్టలేని స్థితిలో పడ్డారు. యుద్ధం చేసినవారు వేరు, ఇబ్బంది పడ్డవారు వేరు.

నగదు విషయంలోనూ ఇటువంటి అనుభవం మన పొరుగున కలిగింది. నేపాల్, భూటాన్ దేశాలలో భారత రూపాయి చిరకాలంగా వాడుకలో ఉంది. 2016 నవంబరు 8న ఐదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయినప్పుడు, దేశంలో ఉన్నవారికి బ్యాంకు ముందు వరుసలో నిలబడే అవకాశమయినా లభించింది. నేపాల్ పల్లెలలో, బ్యాంకులలో నిలిచిపోయిన నోట్ల మార్పిడి మాత్రం రెండు ప్రభుత్వాల మధ్య ఏళ్ళ తరబడి తేలని సమస్యగా మిగిలింది. భారతదేశంలో కూలి చేసి దాచుకొన్న నేపాలీ కార్మికుని మూట, రంగం కూలీ మూట ఒకే కథ చెబుతాయి.

దీనికి పరిష్కారం రాజ్యాల మధ్య ముందుచూపుతో కుదిరే ఏర్పాట్లలో ఉంది. మన దేశపు యూపీఐ చెల్లింపులు 2021లో భూటాన్‌లో, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో మొదలయ్యాయి. 2023 ఫిబ్రవరిలో సింగపూర్‌లోని పేనౌ విధానంతో అనుసంధానం ఏర్పడి, అక్కడి కార్మికుడు సెల్‌ఫోను ద్వారా ఇంటికి డబ్బు పంపగలుగుతున్నాడు. ఇది 1880 నాటి మనియార్డరుకు వారసురాలు. అంతర్జాతీయ వర్తకాన్ని రూపాయలలో పరిష్కరించుకొనే వీలును రిజర్వు బ్యాంకు 2022 జూలైలో కల్పించింది. దాని ఆధారంగా 2024 జనవరిలో మయన్మార్‌తో రూపాయి–క్యాట్ ప్రత్యక్ష చెల్లింపుల విధానం అమలులోకి వచ్చింది. తెలుగు ఇళ్ళలో ఇడ్లీకి, గారెకు నానబోసే మినుములలో గణనీయమైన భాగం ఆ దేశం నుంచే వస్తుంది. రంగూన్ రేవుతో తెగిపోయిన రూపాయి లెక్క, ఎనభై ఏళ్ళ అనంతరం పప్పుధాన్యాల బిల్లు రూపంలో తిరిగి తెరుచుకొంది.

ఇటువంటి ఏర్పాట్లు చేసే సమయంలో అధికార యంత్రాంగం చరిత్ర నుంచి గ్రహించవలసిన అంశాలు మూడున్నాయి. చెల్లుబాటుకు పూచీ ఎవరిది అన్నది స్పష్టంగా ఉండాలి. మారకం రేటును ఎవరు నిర్ణయిస్తున్నారో చెల్లించేవానికి ముందే తెలియాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఏర్పాటు తెగిపోయిన రోజున చిన్న మొత్తాలు గలవారు మొదట తమ డబ్బు పొందే మార్గం ఆ ఒప్పందంలోనే రాసి ఉండాలి. పెద్ద వర్తకునికి హుండీ ఉంటుంది, సంపన్న ప్రయాణికునికి రెండవ కార్డు ఉంటుంది. కూలీకి ఉన్నది మూట ఒక్కటే. 1937లో నోటు మీద అచ్చయిన ఒక్క పంక్తి భావాన్ని అతనికి ఎవరూ చదివి చెప్పలేదు. 1942లో దాని అర్థం అతనికి అడవి దారిలో తెలిసింది. ప్రభుత్వాల మధ్య కుదిరే ప్రతి ఒప్పందపు విలువనూ కొలవడానికి ఆ మూటకు మించిన తూనికరాయి లేదు.